స్కూటీ డిక్కీలో ఫోను

నేను టీబీ మందులు ఇళ్లకు తీసుకెళ్లి ఇచ్చే పని చేస్తాను. విజయవాడలో ఉంటాను గానీ తిరిగేది పామర్రు చుట్టుపక్కల ఊళ్లలో. ఏ ఊరో ఇక్కడ కూడా చెప్పను. ఈ పనిలో మందులివ్వడం తేలిక, ఎవరింటికి వెళ్తున్నానో వీధికి తెలియకుండా వెళ్లడమే కష్టం. అందుకే స్కూటీని చర్చి దగ్గర ఆపేసి, బైబిలు పెట్టుకునే జిప్పు సంచిలో మందులు వేసుకుని నడిచి వెళ్తాను. చూసినవాళ్లు ఎవరింట్లోనో ప్రార్థన ఉందనుకుంటారు. సంచిలో బైబిలు కూడా ఉంటుంది, అడిగినవాళ్ల కోసం నిజంగానే ప్రార్థన చేస్తాను. కాబట్టి దేవుడికి అభ్యంతరం ఉండదని నా ధీమా. దారిలో ఎదురుపడితే మాత్రం నా పేషెంట్లు నన్నెరగరు, నేను వాళ్లనెరగను. అది మా ఒప్పందం.

నిరుడు మా ఆఫీసు మా ఫోన్లలో ఒక యాప్ వేయించింది. ఎక్కడికి వెళ్లామో, ఎంతసేపు ఆగామో మ్యాపు మీద ఎర్రచుక్కలుగా పడుతుంది. పేషెంట్ల వివరాలు డాక్టరు దగ్గరుంటాయి. మా ఆఫీసరు గారి చూపంతా మా హాజరు మీదే. రోజూ సాయంత్రం ఆ మ్యాపుల్ని వాట్సాప్ గ్రూపులో పెట్టి మురిసిపోయేవారు. ఆ గ్రూపులో ఊళ్లలో మాకు సాయపడేవాళ్లు కూడా ఉన్నారు. నేను స్కూటీని దూరంగా ఆపుతున్నాను, సంచిలోని ఫోనేమో నాతోపాటు గడప దాకా వస్తోంది!

ఆ సంగతి నాకు తెలిసింది ఇడ్లీలమ్మే ఆమె వల్ల. పొద్దున్నే ఇంటి ముందు ఇడ్లీలు వేసి ఇద్దరు ఆడపిల్లల్ని చదివిస్తోంది. జబ్బు బయటపడ్డాక కొన్నాళ్లు పొయ్యి ఆపేసింది, ఇక ఎవరికీ అంటుకోదని డాక్టరు చెప్పాకే మళ్లీ వెలిగించింది. అయినా టీబీ అన్న మాట వినబడితే ఆ ప్లేటు ముట్టుకునేవాళ్లుండరు. ఒకరోజు నేను వెళ్లేసరికి తలుపు సగమే తీసింది.

"మ్యాపులో మా ఇంటి మీద చుక్క పడిందంటగా మేడమ్? పక్క వీధిలో మీకు సాయం చేసే ఆవిడ చూసి, మేడమ్ మీ ఇంటికెందుకొచ్చారని అడిగింది. ప్రార్థనకని చెప్పాను. మీరింక రావద్దండీ. మందులైతే మానేస్తాను గానీ పొయ్యి మానలేను."

నాకు ఒళ్లు మండిపోయింది, ఆమె మీద కాదు. మందులు మధ్యలో మానేస్తే జబ్బు మొండికెత్తి తిరగబెడుతుంది.

"చుక్క సంగతి నేను చూసుకుంటాను. నువ్వు మాత్ర వేసుకో అమ్మా," అని అక్కడే నిలబడి మింగించాను.

మర్నాటి నుంచి స్కూటీ చర్చి దగ్గర, ఫోను స్కూటీ డిక్కీలో. వారం తిరక్కుండానే ఆఫీసరు గారు పిలిపించారు.

"ఏంటమ్మా, పొద్దస్తమానం చర్చి దగ్గరే ఉంటున్నారు? జీతం మేమిస్తున్నామా, పాస్టరు గారిస్తున్నారా?"

"చర్చి దగ్గరున్నది ఫోనండీ. నేను పనిలోనే ఉన్నాను."

"నేను నమ్మేదెట్టా?"

"నా పేషెంట్లలో ఒక్కరైనా మందు మానేశారేమో డాక్టరు గారినడగండి. మానేస్తే నన్ను తీసేయండి. ఇళ్ల మీద చుక్కలు మాత్రం పడనివ్వను."

మెమో ఇస్తానన్నారు. ఇవ్వమన్నాను. చివరికి ఒకరోజు పొద్దున్నే తనిఖీకని స్వయంగా వచ్చారు. వచ్చీ రాగానే ఆకలేస్తోందన్నారు. జనం మూగి ఉన్న చోటు చూసుకుని ఆయనే ముందు నడిచారు. అది ఆమె ఇంటి ముందే.

నన్ను చూసి ఆమె తడబడలేదు. ప్లేటు అందిస్తూ, "ఏ ఊరండీ మీది?" అంది.

"విజయవాడండీ," అన్నాను.

ఆఫీసరు గారు రెండో ప్లేటు కూడా తెప్పించుకున్నారు. "ఇంత మెత్తటి ఇడ్లీ మా బెజవాడలో కూడా దొరకదమ్మా," అని ఆమెను మెచ్చుకుని, చెయ్యి కడుక్కుని నన్ను పక్కకు పిలిచారు.

"అసలు చుక్క పడితే ఎవరికేం నష్టమో ఒక్కటి చెప్పండి, వింటాను."

"చెప్తే ఆ నష్టం నేనే చేసినట్టవుతుందండీ."

ఆయనకు అర్థం కాలేదు. అర్థం కాకూడదనే నేనూ కోరుకున్నాను.

మెమో వచ్చింది. సమాధానం రాసిచ్చాను. ఫోను ఇప్పటికీ డిక్కీలోనే ఉంటుంది. ఆమె కోర్సు పూర్తయింది, జబ్బు పోయింది, పొయ్యి వెలుగుతూనే ఉంది. అటు వెళ్లినప్పుడు జనంలో నిలబడి ఇడ్లీ తింటాను. చట్నీ రెండోసారి అడక్కుండానే వేసి, "ఏ ఊరండీ మీది?" అని అడుగుతుంది.