మేక పాలు తాగిన కుక్క

నా కుక్కది ఏ జాతి అని ఎవరైనా అడిగితే నాకు చిర్రెత్తుకొస్తుంది. జాతా, నా మొహమా! అరబ్బులు వేటకు పెంచే సన్న నడుము కుక్కలు ముసలివైతే కొందరు ఎడారిలో వదిలేస్తారు. దేశం విడిచిపోయే దొరలు తమ కుక్కల్ని రోడ్డు పక్కన దించేసిపోతారు. ఇసుకలోనే పుట్టి ఇసుకలోనే పెరిగిన బక్క కుక్కలు ముందు నుంచీ ఉన్నాయి. ఇవన్నీ కలిసి కన్న సంతానం ఇది. దీని తల్లికి వేటకుక్క కాళ్ళు, ఊరకుక్క మొహం. తండ్రి ఎవరో దానికే తెలియాలి.

ఖతర్‌లో అల్ ఖోర్ దాటాక ఒక ఇజ్బాలో నా డ్యూటీ. ఇజ్బా అంటే ఎడారిలో కంచె వేసిన పశువుల దొడ్డి. మాది జగిత్యాల దిక్కు, తాతల నాటి నుంచీ మందలు కాసే ఇల్లు. గొర్రెల వెంట తిరగడం నామోషీ అనుకుని విమానం ఎక్కాను. దిగాక నాకు దొరికింది మేకల పనే. నవ్వుకుంటే నవ్వుకోండి.

పోయిన చలికాలం వీధికుక్కల గుంపు కంచె కింద గుంత తవ్వి లోపలికొచ్చి మేకపిల్లల్ని చంపేసింది. ఇంకోసారి ఇలా జరిగితే టికెట్ చేతిలో పెట్టి ఇంటికి పంపిస్తానని నా వీసా యజమాని, కఫీల్, గట్టిగా చెప్పాడు. ఏం చెయ్యాలో తోచక మా బాపుకు ఫోన్ చేశాను.

"మీ దుబాయ్ల మందకు కుక్క లేదారా?" అన్నాడు. ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆయనకు ఇది దుబాయే.

"ఒక ఆడకుక్క ఉన్నది బాపూ. ఈనింది గూడ."

"మరింకేంది? పిల్ల కండ్లు తెరవకముందే తీస్కో. పిల్ల సచ్చిన మేక ఉంటె దాని పాలకు అలవాటు చెయ్. తల్లి వాసన దానికి తెల్వద్దు. మేకనే అవ్వ అనుకోవాలె. ఇగ సచ్చేదాక మంద ఇడిశిపెట్టదు."

మా ఇంట్లో మందకుక్కను తయారుచేసే పద్ధతి ఇదే. ఆ కుక్కలు మేకల మధ్యే పడుకునేవి, పరాయి కుక్క నీడ కనిపించినా తరిమేవి.

ఆ తల్లికుక్క నీళ్ళ ట్యాంకు కింద ఈనింది. మూడు పిల్లల్లో రెండు అప్పటికే చచ్చిపోయాయి. మిగిలిన ఒక్కదాన్ని నేను తీశాను. రోజూ నేను వేసే ఖుబూస్ రొట్టె తిని నన్ను నమ్మిన కుక్క అది. పిల్లను ఎత్తుతుంటే గుర్రుమనలేదు సరికదా, నా చెయ్యి నాకింది. ఆ తడి తుడుచుకుని పని చూసుకున్నాను. పిల్ల ఒంటికి ఉప్పునీళ్ళు రాసి, పిల్లను పోగొట్టుకున్న నల్లమేక ముందు పెట్టాను. ఉప్పు కోసం నాకడం మొదలుపెట్టిన మేక రెండు రోజులు తిరిగేసరికి దానికి పొదుగు ఇచ్చింది. తల్లి మాత్రం పాలతో బరువెక్కిన పొట్టను ఈడ్చుకుంటూ కంచె చుట్టూ తిరిగేది. పిల్లకు దాని వాసన తగలకూడదని రాళ్ళు విసిరాను. ఒకటి గట్టిగానే తగిలింది.

అది ఎక్కడికీ పోలేదు. పక్క ఇజ్బా తొట్టి దగ్గర ఉంటూ, పొద్దు వాలగానే వచ్చి దూరంగా కూర్చునేది. కాస్త పెరిగిన పిల్ల దాన్ని చూసి మొరిగిన రోజు నేను "శభాష్" అని రొట్టె ముక్క పెట్టాను. ఆ తర్వాత మొరిగిన ప్రతిసారీ పెట్టాను. వీధికుక్కల గుంపు మళ్ళీ ఇటు తొంగిచూడలేదు.

నీళ్ళ ట్యాంకర్ తెచ్చే గోదావరి జిల్లా అన్న మా కుక్కను చూసి పడీ పడీ నవ్వేవాడు. "ఏం తమ్ముడూ, ఇది మొరుగుద్దా, మే మే అంటదా? గడ్డి కూడా పెడతన్నావేంటి?"

"నీకేం ఎర్కనే అన్నా? ఇసోంటి కుక్క అల్ రువైస్ ఊరి దాక ఎతికినా దొరకది" అని నేను మీసం మెలేసేవాణ్ణి.

బక్రీదు ముందు కఫీల్ మందనంతా బేరం పెట్టేశాడు. మా ఊళ్ళో పాలమేక ఏళ్ళ తరబడి మందలోనే ఉంటుంది. ఇక్కడ మంద అంటే మాంసం, పండగ రాగానే ఖాళీ. ఆ సంగతి నాకు తెలియనిదా? తెలుసు. కుక్కను తయారుచేసే హుషారులో ఆ ఊసే నా బుర్రకు తట్టలేదు.

"యల్లా, యల్లా!" అని కఫీల్ తొందరపెడుతున్నాడు. నల్లమేకను లారీ ఎక్కించింది నేనే. దాని వెనకే కుక్క కూడా లారీకి వాల్చిన చెక్క మీదుగా ఎక్కి మేకల మధ్య నిలబడింది. మెడ పట్టి దించితే మళ్ళీ ఎక్కింది. చివరికి తాడుతో గుంజకు కట్టేశాను. లారీ కదిలాక అది పెట్టిన అరుపు మొరుగు కాదు, మే అనీ కాదు.

మూడు రోజులు ముద్ద ముట్టలేదు. ఖాళీ దొడ్డిలో నల్లమేక పడుకునే చోటే పడుకుంది. ట్యాంకర్ అన్న ఈసారి నవ్వలేదు. "కన్నతల్లి అక్కడే ఉంది కదా తమ్ముడూ, రానియ్యి. పాపం, కలిసిపోతాయేమో" అన్నాడు. నాకూ ప్రాణం లేచొచ్చింది. చేసిన పాపం ఒక గేటు తీస్తే కడుక్కోవచ్చు అనుకున్నాను, ఎంత ఆశ!

పొద్దు వాలుతుంటే, తల్లికని రొట్టె ముక్క పట్టుకుని గేటు బార్లా తెరిచాను. తల్లి నన్ను చూసి ఆగింది. చేతిలో రాయి లేదని చూసుకుంది కాబోలు, తల వంచి తోక ఊపుతూ నెమ్మదిగా లోపలికొచ్చింది. నా కుక్క లేచింది. వాసన చూసింది. మరుక్షణం మీదపడి, మెడ కరిచి, ఆ తల్లిని కంచె దాటి రోడ్డు దాకా తరిమింది. అది తిరగబడలేదు, కుయ్యిమంటూ పరిగెత్తింది.

కుక్క వెనక్కి వచ్చి నా కాళ్ళ ముందు కూర్చుంది. మూడు రోజుల తర్వాత మొదటిసారి తోక ఊపుతూ, నా చేతిలోని రొట్టె వైపు చూసింది.

పెట్టాను. పెట్టక ఏం చెయ్యను, నేను నేర్పిన పనే కదా అది చేసింది.