సర్వేకి వెళ్లి సంబంధం చూసొచ్చాం

మా యూనివర్సిటీ చిన్నది. హోసూరు నుంచి కృష్ణగిరి పోయే హైవే పక్కన ముందు ఇంజినీరింగ్ వాళ్ల అద్దాల మేడ, దాని వెనక క్యాంటీను, క్యాంటీను పైన మేము. సోషియాలజీ, హిస్టరీ, ఇంగ్లిషు అన్నిటికీ కలిపి ఒకే వరండా. మా క్లాసంతా ఒక షేర్ ఆటోలో పట్టేది. కింద బోండాలు వేగడం మొదలైతే మా మేడంకి కూడా పాఠం మీద మనసు నిలిచేది కాదు.

నాకైతే నేను చేరిన సోషియాలజీ తలకెక్కింది. అవ్వ చెప్పే చుట్టరికాల గోలంతా ఒక శాస్త్రమని తెలిసిన రోజు ఇంటికి గంతులేస్తూ వెళ్లాను. అమ్మ చపాతీలు వత్తుతుంటే, దీన్ని శ్రమ విభజన అంటారమ్మా అన్నాను. అయితే సగం నువ్వు వత్తు, విభజన సరిగ్గా కుదురుతుంది అని కర్ర చేతికిచ్చింది.

నాయనకు మాత్రం ఇది మింగుడు పడలేదు. ఆయనకు హోసూరు బస్టాండు దగ్గర పైపులు, మోటార్లు అమ్మే అంగడి ఉంది. చుట్టూ ఇన్ని ఫ్యాక్టరీలు పెట్టుకుని మనుషుల గురించి చదవడమేమిటని ఆయన బాధ. మనుషులు తెలియాలంటే అంగట్లో కూర్చుంటే సరిపోతుంది కదా అనేవాడు. చివరికి ఒక ఏడాది గడువిచ్చాడు. ఆలోగా ఈ చదువు దేనికి పనికొస్తుందో ఆయనకు కనబడాలి, లేదంటే బీకాంలో చేరి అంగడికి రావాలి. ఏడాది అయిపోవస్తోంది, ఆయనకేమీ కనబడలేదు. నాకు భయం పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే మమ్మల్ని ఫీల్డ్‌వర్క్ అని ఊళ్ల మీదికి తోలారు. నాకూ కృష్ణగిరి నుంచి వచ్చే నా తమిళ స్నేహితురాలికీ గురుబరపల్లి వచ్చింది. బయల్దేరేటప్పుడు మేడం గట్టిగా చెప్పింది: మీరు అడగడమే కాదు, వాళ్లు అడిగితే మీరూ దాచకుండా చెప్పాలి, అదీ మర్యాద.

మొదటి రెండిళ్లలో మమ్మల్ని చూసి తలుపు దగ్గరికి వేశారు. మూడోది మామిడితోట వాళ్ల ఇల్లు. సర్వే అనగానే ఆ ఇంటి పెద్దమ్మ ముఖం వెలిగిపోయింది. ఎవరి పిల్లవమ్మా అని అడిగింది. నాయన అంగడి పేరు చెబితే, తోటలో పైపులన్నీ అక్కడివేనని మురిసిపోయి చాప వేసింది. పొలమెంత, బోరులో నీళ్లున్నాయా, పిల్లలేం చదివారు, సంబంధాలు ఏ ఊళ్లతో చేస్తారు, ఇలా మేము అడిగినవాటికి అడగనివి కూడా కలిపి చెప్పింది. ప్లస్ టూ అయిపోయిన కూతురు పట్టుపావడాలో కాఫీ తెచ్చింది. నీకేం చదవాలనుంది అని ఆ పిల్లనూ అడిగాను. సర్వేలో అదీ ఒక ప్రశ్న. ఆ పిల్ల గడపలోనే నిలబడిపోయి, తెలీదక్కా అంది.

తరవాత పెద్దమ్మ మా ఇంట్లో ఎవరెవరని, ఆపైన మా అన్న సంగతి అడిగింది. మేడం మాట గుర్తొచ్చి ఏదీ దాచలేదు. బండ్ల కంపెనీలో ఉద్యోగం, తాగడు, ఇంకా పెళ్లి కాలేదు అని అన్నీ చెప్పాను. పూలు పెట్టి పంపింది. పరిశోధకులను ఈ ఊరు ఎంతో గౌరవిస్తుంది అని బస్సులో రాసుకున్నాను.

సాయంత్రం ఆ మామిడితోట పెద్దమ్మ నుంచి నాయనకు ఫోను వచ్చింది. "మీ పాప మా పాపను చూసి పోయింది కదప్పా. ఏమనుకుంటా ఉండారు?"

మా వైపు ఒక పద్ధతుంది. పెళ్లిచూపులకు ముందు మగపిల్లవాడి తరఫు ఆడవాళ్లు ఏదో వంక పెట్టుకుని వెళ్లి ఇల్లూ పిల్లా చూసొస్తారు. మామిడికాయలు కావాలంటారు, దారి అడుగుతారు. అవతలివాళ్లు తెలిసీ తెలియనట్టే ఉంటారు. మాది సర్వే అనే కొత్త వంక అనుకుంది ఆ పెద్దమ్మ.

నన్ను అమ్మే పంపిందని నాయన, నాయనే పంపాడని అమ్మ ఒకరినొకరు దులుపుకున్నారు. అన్న మాత్రం పక్కకు పిలిచి పిల్ల ఎట్లుంది అని మెల్లగా అడిగాడు. అసలు విషయం తేలాక నాయన నా వైపు తిరిగాడు. "ఇదా నీ చదువు? మంచి గిరాకీ దగ్గర నా తల దించినావు. ఆదివారం పోయి తప్పు ఒప్పుకుని వస్తాం. దాంతో సరి, అంగడికి వచ్చేయి."

ఆదివారం వస్తామని మాత్రం నాయన వాళ్లకు ఫోనులో చెప్పాడు. వట్టి చేతులతో ఎలా వెళ్తారని అమ్మ అరటిపళ్లు, పూలు సంచిలో పెట్టింది. కొంప ముంచింది ఆ సంచే. పళ్లతో దిగిన మమ్మల్ని చూసి వాళ్ల వీధి వీధంతా కదిలింది. వాకిట్లో మేనత్తలు, బాబాయిలు, ప్లేట్లలో కేసరి. నాకు నవ్వాగక పమిట కొంగు నోట్లో కుక్కుకున్నాను. క్షమించమని చెప్పడానికి వచ్చిన నాయన అంతమందిని చూసి, చేతిలోని సంచి వెనక్కి దాచుకున్నాడు.

అప్పుడాయనలోని వ్యాపారి లేచాడు. ఇది సంబంధం కాదప్పా, మా పాప చదువే అట్లాంటిది అని మొదలుపెట్టి, కొత్త మోటారు గురించి చెప్పినట్టే చెప్పుకుపోయాడు. ఇంటింటికీ పోయి మనుషుల్ని అర్థం చేసుకునే చదువట. చురుకైన వాళ్లకే సీటట. కలెక్టరాఫీసు మొదలు కంపెనీల దాకా ఇలాంటి వాళ్ల కోసమే చూస్తున్నారట. కేసరి తింటూ నేనే నోరెళ్లబెట్టి విన్నాను. చివరికి, మీ పాపకు పెళ్లి తొందరేముంది, ఆడ చేర్పించండి అనేశాడు.

అందరూ ఆ పిల్ల వైపు చూశారు. "నాకేం చదవాలనుందో ఈ అక్క అడిగేదాకా ఎవురూ అడగలేదు నాయనా," అంది వాళ్ల నాన్నతో. "నేను పోతాను ఆడికి."

వాళ్ల నాన్న ప్లేటు పక్కన పెట్టి, చూస్తాంలే అన్నాడు. పెద్దమ్మకు ఆశ తీరలేదు పాపం, అయినా నా తలలో మళ్లీ పూలు పెట్టింది.

తిరుగు బస్సులో నాయన శూళగిరి దాకా ఫోనులో అంగడి లెక్కలు చూసుకుంటూ కూర్చున్నాడు.

"ఎవురి బిడ్డకో ఈ చదువు అంటగట్టి వచ్చినాను," అన్నాడు ఉన్నట్టుండి. "నేను చెప్పిందంతా నిజమేనా?"

"కొంత నిజమే నాయనా."

"యాది నిజం?"

ఏడాదిలో ఆయన నా చదువు గురించి అడిగిన మొదటి ప్రశ్న అది. ఫోను జేబులో పెట్టి నా వైపు తిరిగి కూర్చున్నాడు. తడబడుతూనే మొదలుపెట్టాను. హోసూరు బస్టాండులో అందరూ దిగిపోయారు. నేను లేవబోతే నాయన చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. కండక్టరు వచ్చి కసిరేదాకా చెబుతూనే ఉన్నాను.