అప్పగింతల దగ్గర ఆరిపోయే డబ్బా

కొత్తకోటలో పెళ్లి వీడియోలు తీసే యేసయ్యకు చేతిలో నిలకడ ఉంది గాని మాటలో లేదు. ఎవరు సీడీ అడిగినా "ఇంగొక్క దినం" అనేవాడు. తప్పు తనది కాదు, కంప్యూటర్‌ది అని అతని వాదన.

2005 వేసవిలో ఒక పత్రికలో ఓవర్‌క్లాకింగ్ గురించి చదివాడు. కంపెనీ పెట్టిన వేగం కన్నా ప్రాసెసర్‌ను ఎక్కువ వేగంగా నడిపే విద్య అది. యేసయ్య మొదటి పేరా చదివి పత్రిక మూసేశాడు. వేగం, వోల్టేజీ ఒక్క ఊపులో పెంచేశాడు. కంప్యూటర్ నిజంగానే పరుగెత్తింది. బజారంతా చెప్పుకున్నాడు.

ఆ వారమే పెద్దమందడి రైతు వెంకట్రాములు కూతురు శ్రీవాణి పెళ్లి సీడీ పని మొదలుపెట్టాడు. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు సాఫీగా సాగాయి. అప్పగింతలు రాగానే కంప్యూటర్ టప్పున ఆరిపోయింది. మళ్లీ పెడితే మళ్లీ అక్కడే ఆరింది. వెంకట్రాములు వచ్చి కూర్చుంటే ఆయన కళ్లముందూ అంతే.

"ఏంది యేసయ్యా, నా బిడ్డను పంపనియ్యదా నీ డబ్బా?"

"జర వేడెక్కింది పటేలా."

"వేడి గాదు, దిష్టి. కొబ్బరికాయ కొట్టు."

"నేను చర్చికి పోయేటోన్ని పటేలా."

"నువ్వు పోతవు. డబ్బా పోతదా?"

యేసయ్య పోయి కాయ తెచ్చాడు. గడప మీద కొబ్బరికాయ కొట్టాడు. కంప్యూటర్ మళ్లీ ఆరింది.

చట్నీకి ఆ కొబ్బరి తీసుకుపోదామని వచ్చిన భార్య బాలమణి, డబ్బా మీద చెయ్యి వేసి చప్పున తీసేసింది. "దీని మీద రొట్టె కాలుతది. ఏం చేసినవ్ దీన్ని?"

"ఏం చెయ్యలే" అన్నాడు. ఆమె పోయాక పత్రిక తీసి మిగతా పేరాలు చదివాడు.

అప్పగింతల్లో అతను పావురాలు, గులాబీ రేకులు, ఎగిరే గుండెలు గుప్పించాడు. అవన్నీ కలపడానికి ప్రాసెసర్ అక్కడే ఎక్కువ చెమటోడ్చాలి. ఎక్కువ వోల్టేజీకి ఆ శ్రమ తోడై వేడి హద్దు దాటుతోంది. కాలిపోకుండా అది తనను తానే ఆర్పేసుకుంటోంది. దిష్టి కాదు, యేసయ్య కళ.

పావురాలు తీయడానికి మనసొప్పలేదు. వేగం, వోల్టేజీ రెండూ కంపెనీ పెట్టిన చోటికే దించాడు. ఫ్యాన్ విప్పి షాపు ముందరి హైవే దుమ్మంతా దులిపాడు. ప్రాసెసర్ మీద వేడి లాగే పేస్టు ఎండిపోతే, తుడిచి కొత్తది రాశాడు. వేగం కొంచెం పెంచి, బరువైన పని ఇచ్చి, వేడి చూసుకుని, మళ్లీ కొంచెం పెంచాడు. అరవై అయిదు డిగ్రీలు దాటబోతుంటే ఆగి, ఒక మెట్టు దిగాడు. వెనకటి పరుగు లేదు గాని కొన్నప్పటికన్నా నయం. తెర మీద శ్రీవాణి ఏ ఆటంకం లేకుండా కారెక్కింది.

వెంకట్రాములు కండువాతో కళ్లొత్తుకుని, "చూసినవా, కొబ్బరికాయ" అన్నాడు. యేసయ్య సీడీ ఆయన చేతిలో పెట్టాడు.

కొన్నాళ్లకు శ్రీవాణి సీడీ పట్టుకుని వచ్చింది. "అన్నా, అమ్మ నన్ను పట్టుకున్నప్పుడు నా మొకమే కనపడ్తలేదు. ఏదో కోడి అడ్డమొచ్చింది."

"కోడి గాదు చెల్లే, పావురం."

"ఏదైతేంది, తీసెయ్యి."

గునుస్తూనే తీశాడు. అప్పుడు కనిపించింది ఆమె ముఖం. ఏడవడం లేదు. తల్లి చెవిలో ఏదో చెబుతోంది.

"ఏం చెప్పినవ్ చెల్లే గప్పుడు?"

"కెమెరా ఆయన నా చీర తొక్కుతుండు, జర జరుగుమను అని చెప్పిన."