జోలీన్ రాని చలికాలం

మా ఆసుపత్రిలో నడక నేర్పే గదికి నేను సహాయకురాలిని. ఫిజికల్ థెరపిస్టు చెప్పింది రోగుల చేత చేయించడమే నా పని. థెరపిస్టు లేకపోతే నేనూ చేతులు ముడుచుకుని కూర్చోవలసిందే, చట్టం అంతే. ఈ డకోటా మైదానంలో, పశువులే తప్ప మనుషులు కనపడని మా ఊళ్ళో ఎవరూ స్థిరపడరు. థెరపిస్టులు కొన్ని నెలలకొకరు పై రాష్ట్రాల నుంచి వచ్చి, పని చేసి వెళ్ళిపోతుంటారు. అలా వచ్చిన మనిషే జోలీన్ హ్రుస్కా.

చెక్ దేశం నుంచి వలస వచ్చి నెబ్రాస్కాలో మొక్కజొన్న పండించే కుటుంబం వాళ్ళది. నలభై దాటాయి. పెళ్ళయింది, నిలవలేదు. కాఫీ కాచుకునే గిన్నె, దిండు, శీతాకాలపు బూట్లు, అన్నీ కారు వెనకసీట్లోనే ఉండేవి. ఏ రాష్ట్రానికి వెళ్ళినా ముందు అక్కడి లైసెన్సు చేతికి రావాలి. “రోడ్డు పక్క సరిహద్దు బోర్డొకటి దాటానంటే చాలు పెగ్గీ, నిన్నటి థెరపిస్టుని కాస్తా ఇవాళ వట్టి ఆడమనిషినైపోతాను,” అని నవ్వేది.

నిజానికి ఆమె అంతకు రెండు చలికాలాల ముందే మా దగ్గరికి రావలసింది. ఒక చోటి లైసెన్సు మరో చోటా చెల్లేలా కొన్ని రాష్ట్రాలు చేసుకున్న ఒప్పందంలో అప్పటికి మా రాష్ట్రం చేరలేదు. సొంత రాష్ట్రపు లైసెన్సు ఇక్కడ చెల్లదు, వేరేది కావాలి. ఆమె సరిహద్దుకు అవతల ఒక మోటెల్ గది తీసుకుని ఎదురుచూసింది. ఎక్కడో ఏదో కాగితం ఆగిపోయింది. ఆ రోజుల్లోనే నేను ఆమెకు ఫోన్ చేసి ఓర్విల్ టోర్సన్ సంగతి చెప్పాను. పశువులకు గడ్డి వేయబోయి మంచు మీద జారి తుంటి విరగ్గొట్టుకున్న ముసలాయన. ఆపరేషన్ చేసి ఇంటికి పంపారు గానీ, లేపి నిలబెట్టే దిక్కులేదు. ఆమె ఎన్నో అడిగింది. ఏ వైపు తుంటి, మంచం ఎంత ఎత్తు, వాకిట్లో మెట్లున్నాయా అని. చివరికి లైసెన్సు రాలేదు. కాన్సస్‌లో పని దొరికితే అటు వెళ్ళిపోయింది.

ఇక ఓర్విల్ మంచానికే అనుకున్నాం. వసంతం వచ్చేసరికి ఆయన చేతికర్ర పట్టుకుని చర్చికి నడిచి వచ్చాడు. ఎవరు నేర్పారని అడిగితే, నేర్పారులే అన్నాడు. కూతురు కరీన్ పట్నం తీసుకువెళ్ళి ఉంటుందనుకున్నాను.

తరువాత మా రాష్ట్రమూ ఒప్పందంలో కలిసింది. జోలీన్ ఈసారి దర్జాగా వచ్చి పనిలో చేరింది. ఆ వారంలోనే ఓర్విల్ భుజం నొప్పితో వచ్చాడు, పక్కన కరీన్. జోలీన్‌ని చూడగానే గుమ్మంలో ఆగి టోపీ తీశాడు.

“వచ్చావా అమ్మాయ్. కాగితం దొరికిందా మరి?”

నేనే చెప్పి ఉంటాననుకుని జోలీన్ నవ్వింది. “దొరికిందండీ. మీకెవరు చెప్పారు?”

“ఎవరో చెప్పడమేంటి, నువ్వేగా చెప్పావు. పొద్దున్నే వచ్చి మంచం ముందర నిలబడేదానివి. కాస్త చెయ్యి అందించమంటే రెండు చేతులూ వెనక్కి పెట్టుకునేదానివి. ఈ రాష్ట్రంలో నేనింకా ముట్టుకోకూడదు, చెప్తాను, మీరే లేవండి అనేదానివి.”

నేను కరీన్ వైపు చూశాను. ఆమె ముఖం పాలిపోయింది. ఆ చలికాలం పొద్దుపూట వంటింట్లో ఉంటే నాన్న ఎవరికో జవాబులు చెబుతున్నట్టు వినపడేదనీ, మతి చలించిందనుకున్నాననీ మెల్లగా చెప్పింది. వెళ్ళి చూస్తే గదిలో ఎవరూ ఉండరు. నాన్న మాత్రం నిలబడి ఉంటాడు. ఎవరొచ్చినా కదలని ముసలి కుక్క మంచం ముందు నుంచి లేచి, దారి ఇచ్చి, గోడ వారన పడుకుని ఉంటుంది.

ఎలా లేవమన్నానో చూపించమని జోలీన్ అడిగింది. ఓర్విల్ కుర్చీ అంచుకు జరిగి, పెదవులు సున్నాలా చుట్టి, వేడి సూపు చల్లార్చుకుంటున్నట్టు ఊదుతూ లేచాడు. “నేలని మీరు తోస్తే నేల మిమ్మల్ని తోస్తుంది అన్నావు. నీ వెనక ఎర్రపూల పరదా ఉండేది. అలాంటి పరదా మా ఇంట్లో లేదు, ఎక్కడిదా అనుకునేవాణ్ణి.”

జోలీన్ స్టూలు మీద కూలబడింది. పని లేక పిచ్చెక్కినట్టుండి, ఆ మోటెల్ గదిలో రోజూ పొద్దున్నే కిటికీకి వీపు పెట్టి నిలబడి, ఎదురుగా ఉన్న ఖాళీ మంచం మీద ఎన్నడూ చూడని ముసలాయన ఉన్నట్టు ఊహించుకుని పైకే పాఠం చెప్పేదట. ఎర్రపూల పరదా ఆ కిటికీదే. ఈ సంగతి నాక్కూడా అప్పుడే తెలిసింది.

“మెట్ల దగ్గర వదిలేసి పోయావు,” అన్నాడు ఓర్విల్, కోపంగా కాదు. “సగం దిగాను. చూస్తే నువ్వు లేవు. కరీన్ వచ్చేదాకా చలిలో అక్కడే నిలబడ్డాను.”

“వేరేచోట పని దొరికిందండీ.”

“దొరికితే వెళ్ళొద్దన్నానా? చెప్పి వెళ్ళాల్సింది.”

ఆమె తప్పేనని ఒప్పుకుని, లేచి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. “వెచ్చగానే ఉన్నాయే నీ చేతులు. చల్లగా ఉంటాయనుకున్నాను.”

ఓర్విల్ భుజం నొప్పి నెమ్మదించింది గానీ జోలీన్‌కి నెమ్మది లేదు. లైసెన్సు కోసం ఆమె ఎదురుచూసిన రాష్ట్రాలు ఇంకా ఉన్నాయి. వస్తానని ఫోన్లో రోగుల వివరాలడిగి, ఊహలోనే వాళ్ళకి పాఠం చెప్పి, చివరికి వెళ్ళని ఊళ్ళున్నాయి. అక్కడ ఎవరు ఏ మెట్టు మీద నిలబడిపోయారో అనేది. సెలవు దొరికితే కారు తీసి ఒక్కొక్క ఊరికీ వెళ్ళి వచ్చింది. చాలాచోట్ల ఆమె ఎవరో ఎవరికీ తెలియదు. ఆ కబురు తెచ్చినప్పుడల్లా ముఖం తేటపడేది.

ఒక్కచోట మాత్రం, పక్షవాతం వచ్చిన ఒకావిడ జోలీన్‌ని గడప మీద చూసి, “ఇవాళ కూడా ముట్టుకోవా?” అందట.

ఆ రాష్ట్రం ఒప్పందంలో లేదు, జోలీన్ ముట్టుకోకూడదు. దూరంగా నిలబడే, ఇక నేను రానండీ, మీరే నడవగలరు, అని చెప్పింది. ఆవిడ, సరే, చెప్పావు కదా, అని తలుపు వేసుకుందట.

జోలీన్ మళ్ళీ ఏ రాష్ట్రానికీ దరఖాస్తు పెట్టలేదు. మా ఊళ్ళోనే ఇల్లు తీసుకుని ఉండిపోయింది. రాబోయే రోగి గురించి ముందుగా నన్నేమీ చెప్పనివ్వదు. ఆ మనిషి లోపలికి వచ్చి, తన చెయ్యి అతని భుజం మీద పడ్డాకే పేరు అడుగుతుంది.