ఫిలడెల్ఫియా వెళ్ళొచ్చిన వెండి నాణెం

శనివారం ఉదయం 7.20కి మా ఐసెలిన్‌లోని మెట్రోపార్క్ స్టేషన్‌లో రైలెక్కాం, నేనూ, పదహారేళ్ళ మా అమ్మాయి నిత్యా. ఫిలడెల్ఫియా నాణేల ప్రదర్శనలో పిల్లల పోటీకి తన నాణెం పెడుతోంది. టికెట్లు ముందే బుక్ చేసుకోండి. మేం ఆలస్యం చేశాం, చేతి చమురు బాగానే వదిలింది.

నాణెం పదహారో శతాబ్దంలో యూరప్‌లోని ఓ బుల్లి సంస్థానానిది. మన గద్వాలంత కూడా ఉండదట. నిత్య రెండేళ్ళు బేబీసిట్టింగ్ చేసి కొనుక్కుంది. వెండిబిళ్ళను రెండు అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టేవారట. అందుకే రాజుగారి ముక్కు పూర్తిగా ఉంది, కిరీటం సగమే పడింది. నా చేతి అప్పచ్చి ఇంతకన్నా గుండ్రంగా వస్తుంది.

ఎదురుసీట్లో కూర్చున్న ఓ వరంగల్ అబ్బాయి చూపించమంటే నిత్య డబ్బీ తెరిచింది.

"నాలుగు వందల ఏండ్లదా? మస్తు మెరుస్తున్నది ఆంటీ!" అన్నాడు.

నిత్య ముఖం పాలిపోయింది. "అమ్మా, నువ్వు దీన్ని క్లీన్ చేశావ్?"

చేశాను. నిన్న శుక్రవారం, పూజసామానుతో పాటు విభూతి పెట్టి తోమాను. తను సంతోషిస్తుందనుకున్నాను. పాత నాణేనికి ఆ నలుపే విలువట, తోమితే పోటీలో వెనకబడ్డట్టేనట. ఇలాంటిచోటికి వెళ్ళేవాళ్ళు నాలా అతితెలివికి పోకండి. తెచ్చిన పులిహోర ఇద్దరమూ ముట్టలేదు.

8.30కి దిగాం. స్టేషన్ నుంచి హాలుకి పదిహేను నిమిషాల నడక. "కొన్నప్పుడే ఇలా ఉందని చెప్పెయ్యవే," అన్నాను.

"నో అమ్మా. అది లై."

నాణెం పక్కన పెట్టే కార్డు మీద తనే రాసింది: 'మా అమ్మ రమాదేవి ఐసెలిన్‌లో విభూతితో తోమింది.' జడ్జి ముసలాయన భూతద్దంలో సన్నటి గీతలు చూశాడు, కార్డు రెండుసార్లు చదివాడు. విభూతి అంటే ఏమిటని అడిగితే నిత్య ఓపిగ్గా చెప్పింది. బహుమతి వేరే పిల్లకి వెళ్ళింది.

తిరుగు రైలు 4.05కి. పులిహోర అప్పుడు తిన్నాం, చల్లారినా బాగుంది.

"పోటీ అయిపోయిందిగా, ఆ కార్డు పారెయ్యవే," అన్నాను.

"ఉండాలి అమ్మా. రేపు నేను ఎవరికి ఇచ్చినా కాయిన్‌తో అది కూడా వెళ్తుంది. రూల్."

ఇన్ని వందల ఏళ్ళలో ఆ నాణెం ఎన్ని చేతులు మారిందో, ఒక్కరి పేరూ దాని వెంట రాలేదు. ఇకమీదట నా పేరు వెళ్తుంది, చేసిన తప్పుతో సహా. సిగ్గేసింది. అయినా కార్డు అడిగి తీసుకుని, ఇంటిపేరు కూడా చేర్చి ఇచ్చాను.