శాకాహారుల బల్ల

చెన్నైలో నేను పరాయి దేశపు పిల్లనంటే ఎవరూ ఒప్పుకునేవాళ్ళు కాదు. "తెలుగమ్మాయివేగా, సొంత ఊరికి వచ్చినట్టే" అనేవాళ్ళు. నా పాస్‌పోర్టు మలేసియాది. మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి కొబ్బరి తోటల్లో పనికని ఓడెక్కాడు. ఆ తరవాత మా ఇంట్లో ఎవరూ తిరిగి వెళ్ళి ఇండియాలో ఉన్నది లేదు. పదేళ్ళ వయసులో నన్ను తెచ్చి చెన్నై కాన్వెంట్ హాస్టల్లో పడేసేదాకా ఇండియా అంటే నాకు మా నాన్న కొట్టుకి సరుకు వచ్చే చోటు, అంతే.

పడేసింది నాన్నే. ఇంట్లో మేం పిల్లలం మలయ్, ఇంగ్లీషు కలిపి మాట్లాడుకుంటుంటే ఆయనకి ఒళ్ళు మండేది. అమ్మ ఎంత వద్దన్నా వినలేదు. ఇండియాలో చదివితే తెలుగు దానంతటదే వస్తుందని ఆయన నమ్మకం. తీరా వచ్చి చూస్తే హాస్టల్లో పిల్లలు మాట్లాడేది తమిళం, సిస్టర్లు మాట్లాడమనేది ఇంగ్లీషు. నాకు తెలుగు వచ్చిందంటే అది ఊళ్ళోని సౌకార్‌పేటలో, ఆదివారాలు వచ్చింది. ఇప్పుడు మా నాన్న కొట్టు నేనే చూస్తున్నాను. నేను "ఈడ", "ఆడ" అన్నప్పుడల్లా, ఇదెక్కడి తెలుగే అని ఆయన ఇప్పటికీ తల పట్టుకుంటాడు.

నాన్న గాజులూ పూజ సామానూ కొనే టోకు వ్యాపారి ఇల్లు సౌకార్‌పేటలో. కింద కొట్టు, పైన కాపురం. హాస్టల్లో ఉండే పిల్లకి ఊళ్ళో ఒక గార్డియన్ ఉండాలి కాబట్టి ఆ వ్యాపారి తల్లి నాకు గార్డియన్‌గా ఉండి, ఆదివారాలు ఇంటికి తీసుకెళ్ళడానికి ఒప్పుకుంది. ఆ ఇంట్లో పిల్లలకి ఆమె అవ్వ, నాకూ అవ్వే. చేర్చిన రోజు మాతోపాటు కాన్వెంటుకి వచ్చింది. మాంసాహారమా, శాకాహారమా అని వార్డెన్ సిస్టర్ అడిగింది. నాన్న నోరు తెరిచేలోపే అవ్వ అందుకుంది.

"మేము తెలుగోళ్ళం సిస్టర్. మా ఇళ్ళల్లో గుడ్డు గూడా ముట్టరు."

అవ్వని తప్పు పట్టలేను. పుట్టి బుద్ధెరిగాక ఆమె మెలిగిన తెలుగువాళ్ళంతా ఆ నాలుగు వీధుల్లోని, మాంసం ముట్టని వ్యాపారస్తులే. తెలుగువాళ్ళు చేపలు తింటారన్న ఊహే ఆమెకి రాలేదు. నాన్న సంగతి వేరు. ఏళ్ళ తరబడి వాళ్ళింట్లో ఆకు ముందు కూర్చుని, పప్పూ నెయ్యీ అమృతమని పొగిడిన మనిషి. మేం చేపలు తింటామని ఏనాడూ చెప్పలేదు, ఆ రోజూ చెప్పలేదు. గేటు దగ్గర మాత్రం వంగి నా చెవిలో, "సర్దుకో తల్లీ. వాళ్ళకి తెలిస్తే నిన్ను ఇంట్లోకి రానివ్వరేమో" అన్నాడు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపమే. మొహమాటం ఆయనది, పస్తులు నావి.

భోజనాల హాలులో శాకాహారుల బల్ల కిటికీ వైపు ఉండేది. మాకు చౌచౌ, అంటే బెంగళూరు వంకాయ సాంబారు, పొరియల్ అని బీట్‌రూట్ వేపుడు. రెండో రోజుకే నాకు గొంతు దిగలేదు. మా ఇంట్లో నెత్తళ్ళ చేపల వేపుడన్నా లేకుండా అన్నం ముందు కూర్చున్నది నాకు గుర్తు లేదు. అన్నిటికన్నా శుక్రవారం ఘోరం. ఆ రోజు సిస్టర్లు మాంసం ముట్టరు కాబట్టి అవతలి బల్లలకి చేప వచ్చేది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గాని, నేను చూస్తూ కూర్చున్నది పుల్లకూర కాదు, మా అమ్మ వండే కూర. ప్రార్థన చెప్పుకుని, ఆ వాసన పీల్చుకుంటూ మజ్జిగ అన్నం కెలికి లేచిపోయేదాన్ని.

నా గౌన్లు వదులయ్యాయి. నన్ను తీసుకెళ్ళడానికి వచ్చిన అవ్వతో వార్డెన్ సిస్టర్ ఒక ఆదివారం గట్టిగానే చెప్పింది: పిల్ల తిండి తినడం లేదు, ఇలాగే ఉంటే పరీక్షలయ్యాక వాళ్ళ నాన్నని పిలిపించి పంపించేస్తాం. వెళ్ళిపోవాలని నాకు లేకపోలేదు. కానీ ఊరందరికీ చెప్పి తెచ్చిన నాన్న పరువేం కాను? తినకపోతే కాన్వెంటు పంపించేస్తుంది, ఎందుకు తినడం లేదో చెబితే అవ్వ ఇంట్లోకి రానివ్వదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆ మధ్యాహ్నం అవ్వ వంటింట్లో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ అడిగింది.

"ఏంది పాపా, అన్నం మీద నీకేం కోపం? మీ అమ్మ చేసేదాంట్లో నీకేది ఇష్టం? చెప్పు, నేను చేసిపెడతా."

అంత ప్రేమగా అడిగేసరికి నాన్న చెప్పిన జాగ్రత్తలన్నీ మర్చిపోయాను.

"చేపల పులుసు అవ్వా."

పొయ్యి దగ్గరున్న కోడలు వెనక్కి తిరిగి చూసింది. "అట్నా" అంది అవ్వ. మళ్ళీ ఈనెలు తీస్తూ కూర్చుంది. సాయంత్రం నన్ను హాస్టల్లో దింపి, వచ్చే వారం సంగతి ఎత్తకుండానే వెళ్ళిపోయింది. ఇక ఆమె రాదనుకున్నాను. ఆ వారమంతా బాత్‌రూములో దూరి ఏడ్చాను.

ఆదివారం అవ్వ వచ్చింది. నన్ను ఆటో ఎక్కించి, "తొండియార్‌పేట పోప్పా" అంది డ్రైవరుతో. ఎందుకని అడిగే ధైర్యం నాకు లేదు. ఎవరికో అప్పజెప్పేస్తోందనే అనుకున్నాను. ఆటో ఆగింది వాళ్ళ కొట్లో గాజులు డబ్బాల్లో సర్దే ఆవిడ ఇంటి ముందు. గల్లీలోకే పులుసు వాసన వస్తోంది.

"రా పాపా" అంది ఆవిడ. "ఈ పక్క ఎన్నూరు వాగు చేప కాదులే, ఆ నీళ్ళు పాడైపొయినాయి. పొద్దన్నే హార్బర్ కాడ కొనుక్కొచ్చినా. అవ్వ చెప్పి పంపిచ్చింది."

నేను అవ్వ వైపు చూశాను. ఆమె అప్పటికే అరుగు మీద కూర్చుని కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"నేను ఈడ్నే ఉంటా. నువ్వు లోపలికి పొయ్యి కడుపునిండా తిను. నిదానంగా తిను."

తిన్నాను. ఎన్నిసార్లు వడ్డించుకున్నానో చెప్పడానికి సిగ్గు. మా అమ్మ పులుసులా కొబ్బరిపాలు లేవు, కారం మండిపోతోంది, అయినా తింటుంటే ఏడుపొచ్చింది. చెయ్యి కడుక్కుని బయటికి వచ్చేసరికి అవ్వ కళ్ళు మూసుకుని, కొంగు చాటున పెదాలు కదుపుతోంది. ఆ వాసన భరించలేక దేవుణ్ణి తలుచుకుంటోందనుకున్నాను. నా అలికిడికి కళ్ళు తెరిచింది.

"అయిందా? ఇట్రా. నోరు తెరువు."

తెరిచాను. ముక్కు మీది కొంగు వదిలేసి, రెండు వేళ్ళతో నా గడ్డం పట్టుకుని, వెలుతురుకి తిప్పి గొంతు దాకా చూసింది. నా నోటి వాసన నేరుగా ఆమె మొహానికే కొట్టి ఉంటుంది.

"ముల్లు యాడా గుచ్చుకోలేదే?"

"లేదవ్వా."

అప్పుడు ఒళ్ళో దాచిన రెండో చెయ్యి తీసింది. అందులో అరటిపండు. గొంతులో ముల్లు ఇరుక్కుంటే అరటిపండు మింగించాలని ఎవరో చెప్పారట. అంతసేపూ పిడికిట్లో పట్టుకుని ఉందేమో, పండు మెత్తబడి నల్లగా అయిపోయింది. వలిచి నా చేతికి ఇచ్చింది. నేను తింటుంటే గడపలో నిలబడ్డ ఆవిడతో అంది:

"వచ్చే నెల మళ్ళా తోడుకొస్తా. ముల్లు లేని చేప ఏదన్నా ఉంటే చూడు."