గాసి కొట్టివేసిన ‘ట’

తెలుగులో ‘ట’ అనే చిన్న ప్రత్యయం ఒకటి ఉన్నది. ‘వచ్చాడు’ అంటే చూచినవాడి మాట. ‘వచ్చాడట’ అంటే విన్నవాడి మాట. ఈ భేదాన్ని ముప్పై నాలుగేళ్లు పిల్లలకు బోధించాను. దాని బరువు నాకు తెలిసివచ్చింది మాత్రం తరగతి గదిలో కాదు. 2001లో, అరకు లోయకు దిగువన ఒక ఎర్రమట్టి మైదానంలో, గాసి అనే మెకానిక్కు వలన.

గాసి కొండమీది రైతు. కొండల పటాలు తీసే చిన్న విమానం ఒకటి ఆ మైదానానికి వచ్చిన కొత్తలో సామాను మోయడానికి కుదిరి, ఏడేళ్లలో దాని ఇంజనును విప్పి బిగించడం నేర్చాడు. అక్షరాలు నా దగ్గర, పెద్దల బడిలో, నలభయ్యో ఏట నేర్చుకొన్నాడు. నేను ఉద్యోగ విరమణ చేశాక, అతడు చీటీమీద రాసిన వివరాలను రిజిస్టరులోకి శుభ్రంగా ఎత్తి రాసే పని నాకు అప్పగించారు. దానిని చూచి ఇంజనీరు సర్వేశ్వరరావు సంతకం చేస్తేనే విమానం ఎగరాలి.

ఆ ఏడాది వానాకాలంలో, ఎగిరిన ప్రతిసారీ మూడవ సిలిండరు మితిమీరి వేడెక్కుతున్నట్లు పైలట్ ముందున్న ముల్లు చూపసాగింది. గాసి చీటీమీద ‘మూడవ సిలిండరు వేడిగా ఉన్నదట’ అని రాశాడు. దగ్గరుండి చూచినవాడు ‘ట’ వాడరాదని నేను మందలించాను.

“నాను సూసింది ముల్లుని మాస్టారూ, ఇంజన్ని కాదు. ముల్లు అంటంది, అంతే,” అన్నాడు.

చీటీలో ఉన్నది ఉన్నట్లే రిజిస్టరులోకి ఎత్తాను. కొండ ప్రాంతపు మాటలో ఈ ‘ట’ సాధారణంగా ‘అంట’గానే వినిపిస్తుంది; గ్రంథస్థమైన రూపాన్ని అతడు పట్టుదలతో నేర్చుకొన్నాడు. అది వేరే ప్రసంగం.

ప్రతి సిలిండరుకూ వేడిని కొలిచే పుల్ల ఒకటి ఉంటుంది. గాసి మూడవదాని పుల్లను రెండవదానికీ, రెండవదాని పుల్లను మూడవదానికీ మార్చి ఇంజను నడిపించాడు. ఈసారి రెండవది వేడని ముల్లు చూపింది. వేడి పుల్లతోపాటు కదిలిందంటే చెడిపోయింది పుల్లే. కొత్తది వేశారు. ‘ట’ నెగ్గింది.

తరువాత ముసురు పట్టి, విమానం రెండు వారాలు షెడ్డులో నిలిచిపోయింది. వాన తెరిపి ఇచ్చి మొదటిసారి ఎగిరిన నాడే మళ్లీ మూడవ సిలిండరు. గాసి మళ్లీ పుల్లలు మార్చి చూచాడు. ఈసారి వేడి పుల్లతో కదలలేదు; మూడవ సిలిండరునే అంటిపెట్టుకొని ఉన్నది. ఆ సాయంత్రం అతడిచ్చిన చీటీలో ‘ఉన్నదట’ అన్న మాటలో ‘ట’ కొట్టివేసి ఉన్నది. పాత పుటలో ‘ట’ ఉన్నదే, ఇక్కడ పొరపాటున కొట్టివేశాడనుకొని, శిష్యుడి తప్పు దిద్దుతున్న తృప్తితో దానిని తిరిగి చేర్చి రిజిస్టరులో రాశాను.

మరునాడు ఉదయం సర్వేశ్వరరావు సంతకం చేశారు. పైలట్ జగదీష్ సీటులో కూర్చున్నాడు. గాసి చక్రం ముందు అడ్డుకట్టెను తీయకపోగా దానిమీదనే కూర్చున్నాడు.

“లెగు గాసీ, బేగి. మబ్బు పట్టీసిందంటే కొండలు కనపడవు,” అన్నాడు జగదీష్.

“ఎగరొద్దు బాబూ. మూడోది నిజంగానే కాలతంది.”

సర్వేశ్వరరావు రిజిస్టరు పట్టుకొని వచ్చారు. “ముల్లు మళ్లీ అబద్ధమాడింది, అంతే కదా? ఉన్నదట అని నువ్వే రాయించావు. నీకూ ఆ ముల్లుకీ సుట్టరికమేటి?”

“నాను ట కొట్టీసినాను సార్.”

“ఇదిగో, ఇక్కడుంది. దీన్ని సూసే నాను సంతకం పెట్టాను. లెగకపోతే రేపట్నుంచి రానక్కర్లేదు.”

గాసి ఆ పుటను చూచాడు. అది నా దస్తూరి. ఒక్కసారి నా వైపు చూచి, తల తిప్పుకొన్నాడు. నేను నోరు విప్పవలసిన క్షణం అది. విప్పలేదు.

“అచ్చరం ఒకటి ఎక్కువ పడింది సార్. మూత తీసి సూడండి. ఏటీ లేకపోతే నానే కొండెక్కి పోతాను.”

మూత తీశారు. గాలి తగిలి చల్లబడడానికి సిలిండరు చుట్టూ పలుచని రేకులు వరుసగా ఉంటాయి. మూడవదాని వెనుక వైపు ఆ సందులన్నీ కందిరీగలు కట్టిన మట్టిగూళ్లతో పూడిపోయి ఉన్నాయి. జగదీష్ వేలితో తాకి చూచి, కొండల వైపు తిరిగాడు. ఆ కొండలను దాటాలంటే నిట్టనిలువుగా ఎక్కాలి. ఇంజనుకు అప్పుడే గాలి తక్కువ, శ్రమ ఎక్కువ. సర్వేశ్వరరావు తన సంతకాన్ని కొట్టివేశారు.

ఇనుము తగిలితే రేకులు చెడతాయని గాసి వెదురుపుల్లతో మధ్యాహ్నం వరకు మట్టి తీశాడు. ఇంజను నడిపించి చూస్తే, మూడవది మిగిలినవాటితో సమంగా ఉన్నది.

అతడు చేతులు కడుక్కొంటూండగా దగ్గరకు వెళ్లాను. “ఆ ‘ట’ పెట్టింది నేనే గాసీ.”

“ఎరుగుదును మాస్టారూ.”

“ఆయనకు ఎందుకు చెప్పలేదు?”

“మీరు ఇంజన్ని సూడలేదు కదా. సీటీనే సూసినారు.”

మరునాటి నుండి చీటీ నా చేతికి వచ్చినప్పుడు కలం తీయలేదు. ముందుగా ఇంజను దగ్గరకు వెళ్లి, గాసి చూడమన్నచోట చూచి, చేయి పెట్టమన్నచోట పెట్టి, ఆ తరువాతనే రాశాను.